అన్నీ ఉల్లంకులేనండి

ముక్కనుమ వెళ్ళి రెండ్రోజులైంది. అమావాస్య మర్నాడు. తెల్లవారకముందే కాకినాడలో పడవ ఎక్కాం. మంచు ఎంత దట్టంగా కురుస్తోందంటే, పడవ ముక్కు దగ్గర నిలబడ్డ సరంగు నడుం దాకానే కనిపిస్తున్నాడు. పైన మంకీ క్యాపు, దాని మీద తువ్వాలు, నోట్లో చుట్ట. మేం నలుగురం. మూడు బైనాక్యులర్లు, ఒక టెలిస్కోపు, టీ ఫ్లాస్కు, పండక్కి మిగిలిన అరిసెలు ఒక డబ్బాడు.

"దేనికోసమండీ ఇంత పొద్దున్నే?" అన్నాడాయన.

"గ్రేట్ నాట్ అని ఒక పిట్ట, బాబాయ్," అంటూ ఫోన్లో బొమ్మ చూపించాను. చుట్ట తీసి బొమ్మకేసి చూసి, నాకేసి చూసి, "ఇది ఉల్లంకి కదండీ," అన్నాడు. ఇంకో పిట్ట బొమ్మ చూపించాను. అదీ ఉల్లంకే. మూడోదీ అంతే. "ఆయ్, అన్నీ ఉల్లంకులేనండి. చిన్నయ్యుంటాయి, పెద్దయ్యుంటాయి, అంతే."

ఆ మాటను నవ్వి వదిలేయడానికి లేదు. వేసవిలో సైబీరియాలో గుడ్లు పెట్టే వేళ ఈ పిట్టల ఒంటి మీద ఇటుక రంగు, నలుపు, బంగారు మచ్చలు ఉంటాయి. మన దగ్గరికొచ్చేసరికి ఆ పెళ్ళిబట్టలు విడిచేసి, పైన బూడిద రంగు, కింద తెలుపు వేసుకుంటాయి. తడి బురద మీద ఆ రంగు డేగ కంటికే ఆనదు, మన కంటికేం ఆనుతుంది? ఇక్కడ అరుదైన పిట్టను వెతకడమంటే, ఒకే రంగు చీర కట్టుకున్న ఐదు వేల మందిలో మన మేనత్తను నడకను బట్టి పోల్చుకోవడం లాంటిది.

అరుదైన పక్షి అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది కలివికోడి. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, ఇక లేదనుకున్నాక, 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం ప్రాంతపు చిట్టడవిలో మళ్ళీ దొరికింది. లంకమల చుట్టుపక్కల ముళ్ళపొదలే దాని ప్రపంచం. ఆ పొదలు పోతే అదీ పోతుంది. అర్థం చేసుకోవడానికి సులువైన అరుదుతనం అది. గ్రేట్ నాట్ కథ అలాంటిది కాదు. అది లక్షల్లో ఉంది. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో వేలకు వేలు ఒక్క గుంపుగా లేస్తాయి. అయినా 2015 నుంచి అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అది అంతరించిపోయే ప్రమాదమున్న (ఎండేంజర్డ్) తరగతిలో ఉంది. లక్షల్లో ఉన్న పిట్టకు ఆ గతి ఎలా పట్టింది? నన్ను ఆ చలిలో పడవ ఎక్కించింది ఈ ప్రశ్నే.

బయల్దేరే వేళకు ముహూర్తం పెట్టింది చంద్రుడు. కాకినాడ అఖాతంలో నీరు రోజుకు రెండుసార్లు ఎక్కి, రెండుసార్లు దిగుతుంది. ఎక్కితే పోటు, దిగితే పాటు. ఇవాళ ఎనిమిదింటికి నిండుపోటు అయితే రేపు ఇంచుమించు ఎనిమిది యాభైకి అవుతుంది. భూమి ఒక చుట్టు తిరిగేలోగా చంద్రుడు తన దారిన కాస్త ముందుకు వెళ్ళిపోతాడు. మన ఒడ్డు మళ్ళీ ఆయన కిందికి చేరాలంటే ఇంకో యాభై నిమిషాలు తిరగాలి. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీద ఉండి లాగుతారు కనుక పోటు ఇంకా పైకెక్కుతుంది, పాటు ఇంకా లోతుకు దిగుతుంది. ఇక్కడ ఆ తేడా మీటరున్నర దాకా ఉంటుంది.

మీటరున్నర అంటే గొప్పగా ఏం అనిపించదు. కానీ ఈ నేల పళ్ళెంలా చదునుగా ఉంటుంది. మీటరు నీరు దిగిందంటే కనుచూపు మేర బురద తేలుతుంది. అప్పుడు పిట్టలు ఆ బురదంతా చెదిరిపోయి మేస్తాయి. దూరాన కదిలే చుక్కల్లా తప్ప కనిపించవు. పోటు ఎక్కుతుంటే నీరు వాటిని గొర్రెల మందలా తోలుకొస్తుంది. చివరికి మునగకుండా మిగిలిన రెండు మూడు ఇసుక మేటల మీద ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడతాయి. పక్షుల్ని లెక్కపెట్టేవాళ్ళు కాచుకునేది నిండుపోటుకు అటూ ఇటూ ఉండే ఆ రెండు గంటల కోసమే. నా ఫోన్లో చూపించిన వేళకూ, సరంగు తిథిని బట్టి చెప్పిన వేళకూ పావుగంట తేడా వచ్చింది. నెగ్గింది ఆయనే. "నీరు దీవిని చుట్టుకుని లోపలికి రావద్దాండీ మరి?" అన్నాడు, అదీ తెలీదా అన్నట్టు.

ఆ దీవి హోప్ ఐలాండ్. దీవి అంటాం కానీ అది ఇసుక నాలుక. గోదావరి సముద్రంలో పోసిన ఇసుకను తీరం వెంబడి ఉత్తరానికి పారే నీరు ఈడ్చుకుపోయి, పదహారు కిలోమీటర్ల పైచిలుకు పొడవున పేర్చింది. అది బయటి అలలకు అడ్డంగా పడుకోబట్టే లోపల నీరు నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీటిలోంచి మెత్తటి ఒండ్రు అడుక్కి దిగుతుంది. ఎక్కడో త్ర్యంబకం కొండల్లోనూ, దారిపొడవునా తెలంగాణ చేలల్లోనూ వానకు కోసుకొచ్చిన మట్టే ఇక్కడ పిట్టలకు పళ్ళెం అవుతుంది. ఆ మట్టి రాక తగ్గిపోతోంది. 1970లలో గోదావరి ఏటా దాదాపు 15 కోట్ల టన్నుల ఒండ్రు మోసుకొస్తే, 1990లకు అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగతాది ఆనకట్టల వెనక ఆగిపోయింది. అన్నం మానేసిన మనిషిలా డెల్టా కొన్నిచోట్ల అంచుల దగ్గర చిక్కిపోతోంది కూడా.

మంచు కాస్త విచ్చేసరికి కుడిచేతి వైపు మడ అడవి నల్లగా తేలింది. 1978లో అభయారణ్యమైన కోరింగ, 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ చెట్ల ఊపిరివేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. తిల్ల చెట్టు దగ్గరికి మాత్రం పోవద్దని సరంగు రెండుసార్లు చెప్పాడు. దాని పాలు కంట్లో పడితే చూపు పోయేంత పని అవుతుంది. బావురుపిల్లి, నీటికుక్క ఈ పాయల్లోనే తిరుగుతాయి. ఆ రోజు మాకు రెండూ కనిపించలేదు, ఒడ్డున అడుగుజాడలు తప్ప.

మేటకు రెండు వందల గజాల దూరంలోనే ఇంజను ఆపించాం. ఇంకా దగ్గరికి పోతే లేచిపోతాయి. లేచిన ప్రతిసారీ అవి కూడబెట్టుకున్న కొవ్వు కొంత కరుగుతుంది. ఆ ఖర్చు మన ఫొటో కోసం అవి భరించాల్సిన పని లేదు.

ఇంకా నీరు పూర్తిగా ఎక్కలేదు కనుక అంచున కొన్ని మేస్తూనే ఉన్నాయి. టెలిస్కోపులో ముందు కనిపించేది ముక్కులు. తీరపక్షుల్ని చూడటం నేర్చుకోవడమంటే ముక్కుల్ని చదవడం నేర్చుకోవడమే. కర్లూ ముక్కు కొడవలిలా వంగి జానెడు దాకా ఉంటుంది. పీత కలుగులోకి అడుగు వరకూ దించగలదు. టెరెక్ ఉల్లంకికి అది పైకి తిరిగి ఉంటుంది. ఏదో బస్సు తప్పిపోతున్నట్టు తల వంచుకుని పరుగెడుతూ మేస్తుంది. ప్లవర్లకు పొట్టి ముక్కు, పెద్ద కళ్ళు. అవి పరుగెత్తుతాయి, టక్కున ఆగుతాయి, చూస్తాయి, పొడుస్తాయి. ఒకే బురదలో ఇన్ని జాతులు పోట్లాట లేకుండా మేయగలగడానికి ఇదొక కారణం. ఒకటి పైపొర తింటే ఇంకొకటి కింది పొర తింటుంది.

ఈ ముక్కుల లోపలి పనితనం బయటి ఆకారం కన్నా గొప్పది. బురదలో పాతుకున్న గుల్ల కంటికి కనపడదు, వాసన రాదు, కదలదు. మరి దొరికేదెలా? రెడ్ నాట్ అనే పిట్ట మీద డచ్చి శాస్త్రవేత్త టెయునిస్ పియర్స్మా బృందం 1998లో దీనికి జవాబు చెప్పింది. ముక్కు కొసన ఎముకలో సన్నని గుంటలుంటాయి. వాటి నిండా ఒత్తిడిని పసిగట్టే నరాల బొడిపెలుంటాయి. పిట్ట తడి ఇసుకలో ముక్కును టకటకా దించి తీస్తుంటే ఇసుక రేణువుల మధ్య నీరు నెట్టుకుంటుంది. దగ్గర్లో గట్టి వస్తువేదైనా ఉంటే నీటికి అక్కడ దారి దొరకదు, ఒత్తిడి మారుతుంది. ముక్కు తాకకుండానే గుల్ల ఎక్కడుందో పిట్టకు తెలిసిపోతుంది. చేపలు పట్టే మనిషి చెరువులో కాలు పెట్టి అడుగు ఎలా ఉందో చెప్పినట్టే, కాకపోతే తాకకుండా. పైగా ఈ జాతుల్లో చాలావాటికి ముక్కు మొత్తం తెరవకుండా, బురద లోపలే కొసను మాత్రం పట్టకారులా విప్పగలిగే నేర్పు ఉంది. పైకి తీసి మింగేదాకా ఆగక్కర్లేదు.

మాలో ఒకతను అప్పటికే గొంతు తగ్గించి లెక్క మొదలుపెట్టాడు. టిబెటన్ శాండ్ ప్లవర్లు, పదేసి చొప్పున. పది పిట్టలు ఎంత చోటు ఆక్రమిస్తాయో కంటికి అలవాటు చేసుకుని, ఆ కొలతతో గుంపును కొలుస్తారు. బియ్యం సోలతో కొలిచినట్టు. ఇవి మొన్నమొన్నటి దాకా లెస్సర్ శాండ్ ప్లవర్లు. 2023లో పక్షుల ప్రపంచ జాబితా ఒకటి దాన్ని రెండు జాతులుగా విడగొట్టింది. మన ఒడ్డుకు చలికాలంలో వచ్చేది టిబెట్ వైపుది. పిట్ట మారలేదు, దస్తావేజు మారింది. నా పాత డైరీల్లో కొట్టివేతలు పెరిగాయి.

ఈ లెక్కలు జనవరిలోనే ఎందుకంటే, పక్షులు అటూ ఇటూ ప్రయాణాలు కట్టిపెట్టి, కుదురుగా ఒకచోట ఉండే నెల ఇదే. ఒకే పిట్టను రెండు చోట్ల రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం తక్కువ. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలోనూ జరుగుతోంది. గోదావరి ముఖద్వారం అందులో తప్పనిసరి మజిలీ.

మేట అవతలి కొసన ఎర్ర ముక్కుల వరుస ఒకటి మెరిసింది. ఇండియన్ స్కిమ్మర్లు. నూటపన్నెండు. వీటి కోసం రాలేదన్న మాటే కానీ, చూశాక కాసేపు వచ్చిన పని మర్చిపోయాం. పైన నల్లకోటు, కింద తెల్లచొక్కా, నారింజ ఎరుపు ముక్కు. ఆ ముక్కులో కిందిది పైదానికన్నా పొడవు. ప్రపంచంలో ఇలాంటి ముక్కున్నవి మూడే జాతులు. మూడూ స్కిమ్మర్లే. నీటి మీద రెక్క తగలనంత ఎత్తులో ఎగురుతూ కింది ముక్కును కత్తిలా నీటిలోకి దించి కోసుకుంటూ పోతుంది. చేప తగిలిన క్షణంలో తల కిందికి వాలుతుంది, పై ముక్కు టపీమని మూసుకుంటుంది. చూసి పట్టే పని కాదు, తగిలితే పట్టే పని. అందుకే చీకట్లోనూ సాగుతుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు పిల్లకు రెండు ముక్కులూ సమానమే. ఎగరడం వచ్చే ఈడుకు కిందిది పెరుగుతుంది.

దీని అరుదుతనం కలివికోడి లాంటిదీ కాదు, గ్రేట్ నాట్ లాంటిదీ కాదు. ఎదిగిన పక్షులు ప్రపంచం మొత్తం మీద మూడు వేల లోపే ఉంటాయని అంచనా. ఎక్కువ భాగం మన దేశంలోనే గుడ్లు పెడతాయి, చంబల్, మహానది లాంటి నదుల మధ్య ఇసుక మేటల మీద, ఎండలు ముదిరే నెలల్లో. చుట్టూ నీళ్ళున్నంతవరకూ గూటికి కోటలో ఉన్నంత భద్రం. ఎగువన నీళ్ళు ఆపేస్తే పాయ ఎండి, మేట ఒడ్డుకు కలిసిపోతుంది. కుక్కలు నడిచి వస్తాయి, పశువులు తొక్కుతాయి. అకస్మాత్తుగా వదిలితే మునిగిపోతుంది. ఇసుక కాలి గుడ్లు ఉడికిపోకుండా తల్లి పొట్ట ఈకల్ని నీటిలో తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. అంత పాటుపడ్డ పిట్టకు ఆనకట్ట గేటు వేళలు తెలియవు కదా.

తొమ్మిది దాటింది. మేట సగానికి చిక్కింది. అప్పుడు, ఏ మూలనుంచి వచ్చిందో, భైరి డేగ ఒకటి నీటికి ఆనుకుని దూసుకొచ్చింది. మేటకు మేటే లేచింది. వేల పిట్టలు ఒక్క బట్టలా గాలిలో మెలితిరిగాయి. ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా. వాటికి నాయకుడెవరూ ఉండరు. ప్రతి పిట్టా తన పక్కనున్న కొద్దిమందిని చూసి తిరుగుతుంది. ఆ తిరగడం గుంపంతా అలలా పాకుతుంది. డేగకు ఏ ఒక్కదాని మీదా చూపు నిలవదు. రెండు మూడు చుట్లు కొట్టి ఒట్టికాళ్ళతో పోయింది. సరంగు మాత్రం డేగ పక్షమే వహించాడు. "పాపం, పొద్దున్నుంచీ ఏం తినలేదేమోనండీ."

గుంపు దిగేటప్పుడు లేచిన చోటే మళ్ళీ దిగదు. ఆ కలగాపులగంలో, ప్లవర్ల మధ్య, పావురం కన్నా కొంచెం చిన్నగా, మిగతావాటికన్నా లావుగా, పొట్టికాళ్ళ మీద కుదురుగా నిలబడ్డ పిట్టలు కనిపించాయి. రొమ్ము మీద మసిపూసినట్టు చుక్కలు. ముక్కు తలకన్నా కాస్త పొడవు, కొసన కొంచెం వాలు. ఎవరూ మాట్లాడలేదు. టెలిస్కోపు దగ్గర వరుసకట్టాం. గ్రేట్ నాట్‌లు. నేను ముప్పై ఏడు లెక్కపెట్టాను. పక్కతను ముప్పై తొమ్మిదన్నాడు. చివరికి ముప్పై ఏడే రాసుకున్నాం. అనుమానం వచ్చినప్పుడు తక్కువ రాయడం మా అలవాటు.

చూడటానికి ఏముంది అంటే ఏమీ లేదు. బూడిద రంగు పిట్ట, కునుకు తీస్తోంది. ఆ ఈకల కింద జరిగేదే అసలు సంగతి. ఆస్ట్రేలియా బ్రూమ్ దగ్గర బయల్దేరే ముందు కొన్నిటినీ, చైనాలో షాంఘై దగ్గరి చోంగ్‌మింగ్ దీవిలో దిగీదిగగానే కొన్నిటినీ పరీక్షించి, 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. మధ్య దూరం 5,400 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా సాగే సముద్రయానం. కొవ్వు కరగడం ఎవరైనా ఊహించేదే. కానీ పేగులు, కాలేయం, కందనకాయ, చర్మం, చివరికి రెక్కలాడించే కండ కూడా చిక్కిపోయి ఉన్నాయి. మారకుండా మిగిలినవి మెదడూ ఊపిరితిత్తులూ మాత్రమే. దారిఖర్చుకు ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటూ, దీపం, పొయ్యి మాత్రం మిగుల్చుకున్న మనిషిలా.

ఇక్కడే చిక్కు ఉంది. గ్రేట్ నాట్ గుల్లల్ని చిప్పతో సహా మింగి కందనకాయలో నూరుకుంటుంది. ఆ కందనకాయే చిన్నదైపోయి దిగిన పిట్టకు వెంటనే కడుపునిండా తినే శక్తి ఉండదు. ముందు పేగుల్ని తిరిగి కట్టుకోవాలి, తర్వాత కండ, ఆ తర్వాత సైబీరియా దాకా సరిపోయే కొవ్వు. ఇదంతా నెల పైనే పట్టే పని. తరగని తిండి ఉన్నచోట, ఎవరూ లేపని చోట జరగాలి. ఆస్ట్రేలియా నుంచి వచ్చేవాటికి ఆ చోటు చైనా, కొరియాల మధ్యనున్న పచ్చసముద్రం. యాభై ఏళ్ళలో అక్కడి బురదనేలల్లో మూడింట రెండు వంతుల దాకా పోయాయని 2014లో ఉపగ్రహ చిత్రాలూ పాత పటాలూ పోల్చి తేల్చారు. ఓడరేవులు, పరిశ్రమలు, చేపల చెరువులు. దక్షిణ కొరియాలో సేమాన్‌గుమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడ కట్టి, 2006 ఏప్రిల్‌లో రెండు నదుల ముఖద్వారాలను సముద్రం నుంచి తెంచేశారు. గ్రేట్ నాట్‌లు వేలకు వేలుగా ఆగే మజిలీ అది. పక్క ఊరికి వెళ్ళిపోయి ఉంటాయిలే అనుకున్నారు. కొరియాలో మరెక్కడా ఆ మేరకు పెరగలేదు. ఆస్ట్రేలియా లెక్కల్లోనేమో తగ్గాయి. అంటే వెళ్ళిపోలేదు, చనిపోయాయి.

పడవలో నా ప్రశ్నకు దొరికిన జవాబు ఇదే. లక్షల పిట్టలూ ఒకే గడప దాటి పోవాలి. గడప మూస్తే ఇంట్లో ఎన్ని గదులున్నా లాభం లేదు. కొసమెరుపుగా ఒక మంచి మాటా ఉంది. 2018లో చైనా తీరాన్ని పూడ్చే పనులకు చాలావరకు అడ్డుకట్ట వేసింది. పచ్చసముద్రపు ఒడ్డులో కొంత భాగం 2019లో, కొరియా బురదనేలలు 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. తాజ్‌మహల్ సరసన బురద. మా సరంగుకి ఈ సంగతి చెబితే, "మరి మన బురదకేం తక్కువండీ?" అన్నాడు.

తక్కువేం లేదు. కాకపోతే మా ముందు నిలబడ్డ ముప్పై ఏడూ ఏ దారిన వచ్చాయో, ఏ మజిలీల్లో తిన్నాయో ముఖం చూసి చెప్పలేం. అందుకు కాళ్ళ పట్టీలు కావాలి. ఒక్కో దేశం, ఒక్కో తీరం తమ పిట్టలకు ఒక్కో రంగు ప్లాస్టిక్ జెండాలు తొడుగుతాయి. వాయవ్య ఆస్ట్రేలియాది పసుపు, చోంగ్‌మింగ్‌ది నలుపు తెలుపు. రష్యా తూర్పు కొసన కమ్చట్కాలో పట్టీ వేసిన గ్రేట్ నాట్ ఒకటి కేరళ తీరంలో కనిపించింది. అంటే మన ఒడ్డులూ ఆ సైబీరియా కుటుంబానివే. కాకినాడలో అలాంటి పట్టీ ఒక్కటి చదవగలిగితే వచ్చిన పని అయినట్టు.

గంటసేపు కాళ్ళనే చూశాం. సగం పిట్టలు ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు పొట్ట ఈకల్లో దాచుకున్నాయి, వెచ్చగా ఉంటుందని. మిగతా సగం మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నాయి. అరిసెల డబ్బా అడుగుకొచ్చింది. పాటు మొదలైంది. నీరు వేలెడు వేలెడు దిగుతుంటే ఒక్కో కాలు బయటపడుతోంది. ఒకటి, రెండు, ఐదు, ఎనిమిది. అన్నీ వట్టి కాళ్ళే.

తొమ్మిదో పిట్ట కాలి మీదికి టెలిస్కోపు తిప్పేలోగా, తేలిన బురద మీదికి మేతకని గుంపంతా లేచిపోయింది.

"దొరికిందాండీ?" అన్నాడు సరంగు, ఇంజను తాడు చుట్టుకుంటూ.

"పిట్ట దొరికింది బాబాయ్. దాని ఊరు దొరకలేదు."

"రేపు పోటు ఇంకో గంట ఆలీసం. పొద్దెక్కాక ఎల్దారి. మంచుండదు, కాళ్ళు బాగా కనపడతాయండి," అని తాడు లాగాడు.